కప్పు నుంచి కూల్చివేత దాకా: ఉత్తర తెలంగాణ ఇళ్లలో రాతినార రేకు చరిత్ర

వ్యాస సంగ్రహం

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో ఇరవయ్యో శతాబ్ది ద్వితీయార్ధంలో గూనపెంకు స్థానాన్ని చాలావరకు సిమెంటు రేకు ఆక్రమించింది. 'సిమెంటు రేకు' అని జనం పిలిచే ఈ వస్తువులో బలాన్నిచ్చే పదార్థం రాతినార, అనగా ఆస్బెస్టాస్. ఇప్పుడు ఆ కప్పులు దిగుతున్నాయి. కూల్చివేత వ్యర్థాలలోని ప్రమాదం కూల్చిన రోజున పుట్టినది కాదని, కప్పు వేసిన రోజుననే అది ఇంటిలోకి ప్రవేశించిందని, రేకు ఇంటిపైకి ఎక్కే దారిని మాత్రమే పట్టించుకున్న ప్రభుత్వ వ్యవస్థలు అది దిగే దారిని నిర్దేశించలేదని ఈ వ్యాసం నిరూపించ యత్నిస్తుంది.

కీలక పదాలు: రాతినార, సిమెంటు రేకు, కూల్చివేత వ్యర్థాలు, కరీంనగర్, ఆదిలాబాద్, గృహ చరిత్ర, పర్యావరణ నిబంధనలు.

1. ఉపోద్ఘాతం

గృహ నిర్మాణ చరిత్ర అంటే సాధారణంగా ఇల్లు లేచిన కథ. కోటలు, గడీలు, మేడలు ఎవరు కట్టించారు, ఏ రాయి వాడారు, ఏ శైలి అనుసరించారు అన్న ప్రశ్నల చుట్టూ ఆ చరిత్ర తిరుగుతుంది. ఇల్లు ఎలా ముగుస్తుంది, దాని శిథిలాలు ఎక్కడికి పోతాయి అన్న ప్రశ్నకు అందులో చోటు తక్కువ. అయితే ఒక సమాజం తన ఇళ్లను ఏ పదార్థాలతో కట్టుకున్నదో, వాటిని ఎలా విసర్జిస్తున్నదో చూడకుండా ఆ సమాజపు భౌతిక జీవనాన్ని పూర్తిగా అర్థం చేసుకోలేము.

ఉత్తర తెలంగాణ ఈ పరిశీలనకు తగిన క్షేత్రం. గోదావరికి దక్షిణాన కరీంనగర్, ఉత్తరాన ఆదిలాబాద్. ఒకవైపు చెరువుల కింది వరి గ్రామాలు, సిరిసిల్ల మరమగ్గాలు; మరొకవైపు అడవి, గోండు గూడేలు, పత్తి మిల్లులు; నది వెంట బొగ్గు గనులు, విద్యుత్ కేంద్రాలు, ఎరువుల కర్మాగారం. ఈ రెండు జిల్లాలు 2016 అక్టోబర్ 11న విభజితమయ్యాయి. కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు, ఆదిలాబాద్ నుంచి మంచిర్యాల, నిర్మల్, కుమ్రంభీం ఆసిఫాబాద్ జిల్లాలు ఏర్పడ్డాయి. ఈ వ్యాసంలో జిల్లా పేర్లు విభజనకు పూర్వపు అర్థంలోనే వాడబడ్డాయి.

2. మట్టి ఇంటి ముగింపు

పాత ఇంటికి ముగింపు ముందే తెలిసి ఉండేది. మైదాన గ్రామాలలో మట్టి గోడలు, టేకు లేదా ఇతర అడవి కలపతో దూలాలు, వాసాలు, వాటిపై కుమ్మరి చేసిన గూనపెంకులు ఉండేవి. కలిగినవారి ఇళ్లకు డంగు సున్నం, చెక్కిన రాయి తోడయ్యేవి. ఆదిలాబాద్ అడవులలోని గోండు గూడేలలో కలప గుంజలు, వెదురు తడికెలకు మట్టి, పేడ మెత్తిన గోడలు కనిపించేవి. 1940వ దశకం ఆరంభంలో మార్లవాయిలో నివసించి గోండుల జీవనాన్ని అధ్యయనం చేసిన హైమండార్ఫ్ చూసినది ఇటువంటి ఇళ్లనే.

అటువంటి ఇల్లు కూలినప్పుడు దానిలోని ప్రతి భాగానికీ తీసుకునేవారు ఉండేవారు. దూలాలు, దర్వాజలు మరో ఇంటికి పోయేవి. పగలని పెంకులను ఏరి పేర్చుకునేవారు. పగిలిన ఇటుకల పొడి సుర్ఖీగా సున్నంలో కలిసేది. గోడల మట్టిని తిరిగి తడిపి తొక్కి కొత్త గోడ పెట్టేవారు, లేదా చేనికి తోలేవారు. జనం విడిచిపోయిన పాత ఊరి దిబ్బలోని మన్నును 'పాటి మన్ను' పేరిట బండ్లతో పొలాలకు తరలించే ఆచారం తెలంగాణ రైతుకు సుపరిచితం. శిథిలమైన ఊరు ఆ విధంగా ఎరువుగా మారేది.

ఇది గతాన్ని పొగడడానికి చెప్పే మాట కాదు. పూరికప్పుకు నిప్పు భయం, పెంకు కప్పుకు కురుపు, తేళ్లు, పాములు ఉండేవి. ప్రతి ఏటా తొలకరికి ముందు పెంకులు సర్దించడం ఖర్చుతో, శ్రమతో కూడిన పని. వెట్టి కాలంలో ఆ శ్రమకు కూలి సైతం దక్కని సందర్భాలు ఉన్నాయి. గమనించవలసిన విషయం ఒక్కటే. ఆ ఇంటి నిర్మాణంలో పాల్గొన్న వృత్తులకే దాని విసర్జన కూడా తెలుసు. వడ్రంగికి కలప ఏమి చేయాలో తెలుసు, రైతుకు మట్టి ఏమి చేయాలో తెలుసు. అందువల్ల 'నిర్మాణ వ్యర్థం' అనే ప్రత్యేక పదం ఆ వ్యవస్థకు అవసరం పడలేదు.

3. రేకు రాక

సిమెంటులో రాతినార పోగులను కలిపి పలుచని, గట్టి పలకలు తయారుచేసే పద్ధతిని 1900 ప్రాంతంలో ఆస్ట్రియా దేశస్థుడు లుడ్విగ్ హాట్షెక్ రూపొందించాడు. నిప్పంటుకోని, తుప్పు పట్టని, తక్కువ ధరకు దొరికే ఈ పలక కొన్ని దశాబ్దాలలోనే ప్రపంచమంతటా వ్యాపించింది. నిజాం పాలన చివరి సంవత్సరాలలో, 1946లో, హైదరాబాద్ ఆస్బెస్టాస్ సిమెంట్ ప్రొడక్ట్స్ లిమిటెడ్ స్థాపితమైంది. దాని 'చార్మినార్' రేకులు తెలుగు పల్లెలలో ఇంటింటి పేరయ్యాయి. ఆధునిక పరిశ్రమలను ప్రోత్సహించే హైదరాబాద్ రాజ్య విధానంలో భాగంగానే ఆదిలాబాద్ జిల్లాలో సిర్పూర్ కాగితపు మిల్లు 1938లో ఏర్పడింది. రేకు కూడా అదే అభివృద్ధి దృక్పథం నుంచి వచ్చిన వస్తువు.

రేకును పల్లె ఎందుకు స్వీకరించింది? కారణాలు అనేకం. అడవులపై ప్రభుత్వ నియంత్రణ పెరిగిన కొద్దీ దూలాలకు, వాసాలకు కలప దొరకడం కష్టమైంది. రేకుకు నాలుగు ఇనుప పైపులు చాలు. ప్లాస్టిక్, లోహ పాత్రల రాకతో కుమ్మరి ఆవం చల్లబడి, గూనపెంకు చేసేవారు తగ్గారు. అడవులు తరిగి ఊళ్లపై పడిన కోతుల మందలు పెంకులను పీకి విసరడం మరొక ముఖ్య కారణం. పెంకుటిల్లు నిలుపుకోలేక రేకులు వేయించుకున్న కుటుంబాలు తెలంగాణ పల్లెలలో తక్కువేమీ కావు. రేకు ఒక్క పూటలో కప్పు పూర్తి చేస్తుంది. ఏటేటా సర్దే పని లేదు. మరమగ్గాల షెడ్డు, బియ్యం మిల్లు, కోళ్ల ఫారం, పశువుల కొట్టం, బడి వరండా, ఇంటి వెనుక స్నానాల గది, ఇలా ప్రతిచోటా అది చేరింది. ఎండాకాలంలో దాని కింద నిలవలేని వేడి ఉంటుందని తెలిసి కూడా పేదవాడు రేకునే ఎంచుకున్నాడు. పూరికప్పు నుంచి పక్కా ఇంటికి వెళ్లే దారిలో అది అతనికి అందిన మొదటి మెట్టు.

రేకు బరువులో రాతినార సుమారు 8 నుంచి 10 శాతం ఉంటుంది. మిగిలినది సిమెంటు, థర్మల్ కేంద్రాల బూడిద, కాగితపు గుజ్జు వంటివి. 400 చదరపు అడుగుల కప్పుకు అర టన్ను లేదా అంతకు కొంచెం ఎక్కువ రేకు కావాలి. అంటే ఒక చిన్న ఇంటి మీద సుమారు 40 నుంచి 50 కిలోల రాతినార ఉన్నదన్నమాట. 'సిమెంటు రేకు' అన్న పేరు ఆ సంగతిని కప్పిపుచ్చింది. ఇనుప రేకుకు, సిమెంటు రేకుకు తేడా తెలిసిన ఇంటి యజమానికి తన కప్పులో ఒక ఖనిజపు పోగు ఉన్నదని తెలియజేసే మాట వాడుకలో లేకపోయింది.

4. గనికి నిషేధం, కప్పుకు అనుమతి

రాతినార వల్ల కలిగే హాని గురించిన జ్ఞానం రేకు మన పల్లెకు రాకముందే ఉన్నది. 1924లో బ్రిటిష్ వైద్యుడు కుక్ ఒక రాతినార కార్మికురాలి ఊపిరితిత్తుల వ్యాధిని వైద్య పత్రికలో వివరించాడు. 1931లో బ్రిటన్ ఆ పరిశ్రమలో దుమ్ము నియంత్రణకు నిబంధనలు చేసింది. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్, ఆయన సహచరులు రాతినారకూ ఊపిరితిత్తుల పొరకు వచ్చే క్యాన్సరుకూ గల సంబంధాన్ని వెల్లడించారు. తెల్ల రాతినారతో సహా అన్ని రకాలూ మనుషులలో క్యాన్సర్ కారకాలేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ నిర్ధారించింది. వ్యాధి బయటపడడానికి సాధారణంగా 20 నుంచి 40 ఏళ్లు పడుతుంది. ఆ వ్యవధిలో కారణానికీ ఫలితానికీ మధ్య జ్ఞాపకం తెగిపోతుంది.

భారతదేశపు స్పందనలో ఒక వైరుధ్యం స్పష్టంగా కనిపిస్తుంది. కడప జిల్లా పులివెందుల ప్రాంతం తెల్ల రాతినారకు పేరుపొందినది. కార్మికుల ఆరోగ్య కారణాలతో కేంద్రం 1986లో రాతినార గనులకు కొత్త లీజులను, 1993లో పాత లీజుల పునరుద్ధరణను ఆపివేసింది. కాని రేకుల తయారీ ఆగలేదు. విదేశాల నుంచి దిగుమతి అయిన పోగుతో అది కొనసాగింది. 1995 జనవరి 27న కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ కె. రామస్వామి రాసిన తీర్పు, కార్మికుని ఆరోగ్య హక్కును జీవించే హక్కులో భాగంగా గుర్తించింది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి 40 ఏళ్లు, లేదా పదవీ విరమణ తరువాత 15 ఏళ్లు, వీటిలో ఏది తరువాత వస్తే అంతవరకు ఆరోగ్య వివరాలు భద్రపరచాలని ఆదేశించింది. వ్యాధి ఆలస్యంగా బయటపడుతుందని న్యాయస్థానం గుర్తించిందనడానికి ఈ ఆదేశమే సాక్ష్యం. 2011 జనవరి 21న కల్యాణేశ్వరి వ్యాజ్యంలో అదే న్యాయస్థానం రాతినారపై నిషేధం విధించడానికి నిరాకరించి, రక్షణ చర్యల సమీక్షను ప్రభుత్వాలకు అప్పగించింది.

ఈ రెండు తీర్పులకూ కేంద్రబిందువు కర్మాగారం, అందులోని కార్మికుడు. రేకు కర్మాగారం గేటు దాటి మంథనికో, ఉట్నూరుకో చేరిన తరువాత దాని జీవితం, ముఖ్యంగా దాని అంతం, ఆ చర్చకు వెలుపలనే ఉండిపోయింది.

5. బూడిదకు వేసిన దారి

ఇందుకు పోలికగా ఈ ప్రాంతానికే చెందిన మరో వ్యర్థం చరిత్రను పరిశీలించవచ్చు. 1978 నవంబర్ 14న ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేసిన రామగుండం ఎన్‌టీపీసీ కేంద్రం 1983లో విద్యుదుత్పత్తి ప్రారంభించి, క్రమంగా 2,600 మెగావాట్ల సామర్థ్యానికి చేరింది. భారతీయ బొగ్గులో బూడిద శాతం ఎక్కువ. అందువల్ల విద్యుత్తుతో పాటు బూడిద గుట్టలు, చెరువులు కూడా పెరిగాయి.

ఆ బూడిదను ఏమి చేయాలన్న ప్రశ్నకు ప్రభుత్వం సమాధానం వెతికింది. 1999 సెప్టెంబర్ 14న వెలువడిన కేంద్ర ప్రకటన, థర్మల్ కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు ఇటుకలు తయారుచేసేవారు కనీసం 25 శాతం బూడిద కలపాలని నిర్దేశించింది. తరువాతి సవరణలు ఆ దూరాన్ని 100 కిలోమీటర్లకు, ఆపై 300 కిలోమీటర్లకు పెంచాయి. ఆ నిబంధనల అమలులో లోపాలు ఉండవచ్చు. కాని ఒక వ్యర్థానికి దూరం, శాతం, బాధ్యులు నిర్ణయించి చట్టం దారి వేసిందన్నది వాస్తవం.

ఈ రెండు కథలను పక్కపక్కన పెడితే ఒక అసమానత కనబడుతుంది. పారిశ్రామిక వ్యర్థం ఇంటిలోకి ప్రవేశించే దారిని రాజ్యం కిలోమీటర్లలో కొలిచి నిర్దేశించింది. ఇంటి నుంచి ప్రమాదకర పదార్థం బయటకు వెళ్లే దారికి అటువంటి కొలత ఏదీ లేదు.

6. రెండు నిబంధనల నడుమ

ప్రమాదకర వ్యర్థాలపై దేశంలో మొదటి నిబంధనలు 1989లో వచ్చాయి. రాతినార వ్యర్థాల విసర్జనపై భారతీయ ప్రమాణం ఐఎస్ 11768 అంతకు మునుపే, 1986లో, వెలువడింది. జ్ఞానం లేకపోవడం వల్ల ఈ సమస్య తలెత్తలేదని దీనిని బట్టి తెలుస్తుంది.

2016లో రెండు నిబంధనావళులు కొద్ది రోజుల తేడాతో వచ్చాయి. మార్చి 29న నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నిర్వహణ నిబంధనలు. ఏప్రిల్ 4న ప్రమాదకర, ఇతర వ్యర్థాల నిబంధనలు. మొదటివి కట్టడాల మరమ్మతు, కూల్చివేతల నుంచి వచ్చే శిథిలాలన్నింటికీ వర్తిస్తాయి. అయితే రోజుకు 20 టన్నులు, లేదా ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు మించినవారే వ్యర్థాల నిర్వహణ ప్రణాళిక సమర్పించి అనుమతి పొందాలి. అర టన్ను రేకు దించే ఇల్లు ఆ పరిమితిని ఎన్నడూ చేరదు. రెండో నిబంధనావళి ఒకటో షెడ్యూలు విసర్జిత రాతినారను ప్రమాదకర వ్యర్థంగానే గుర్తించింది. కాని ఆ గుర్తింపు 'రాతినార, రాతినార కలిగిన పదార్థాల ఉత్పత్తి' అనే ప్రక్రియ కింద ఉన్నది. అంటే అది తయారీదారును ఉద్దేశించినది. ఒకే పదార్థం కర్మాగారంలో విరిగితే ప్రమాదకర వ్యర్థం. ధర్మపురిలోనో జన్నారంలోనో ఇంటి ముందు విరిగితే రాళ్లూ ఇటుకలతో సమానమైన శిథిలం.

భౌగోళిక దూరం ఈ లోటును మరింత పెంచుతుంది. ప్రమాదకర వ్యర్థాల శుద్ధికి, పూడ్చివేతకు హైదరాబాద్ సమీపాన దుండిగల్‌లో 2001 నుంచి కేంద్రం పనిచేస్తున్నది. కరీంనగర్ నుంచి రాజధానికి సుమారు 160 కిలోమీటర్లు. ఆదిలాబాద్ నుంచి దాదాపు 300. పది రేకులను అంత దూరం పంపే కుటుంబం ఉండదు. 2018 పంచాయతీరాజ్ చట్టం, దాని వెంట వచ్చిన పల్లె ప్రగతి కార్యక్రమం గ్రామాలకు ట్రాక్టరును, డంపింగ్ యార్డును సమకూర్చాయి. తడి చెత్త, పొడి చెత్త వేరుచేయడం పల్లె నేర్చుకున్నది. విరిగిన రేకు ఈ రెండింటిలో దేనికీ చెందదు. అందువల్ల అది రోడ్డు గుంతలో, చెరువు కట్ట పక్కన, కోళ్ల గూటి మీద, స్నానాల గదికి చాటుగా తేలుతుంది.

2025లో ప్రకటితమై 2026 ఏప్రిల్ 1 నుంచి అమలుకు నిర్ణయించిన కొత్త నిర్మాణ వ్యర్థాల నిబంధనలు ఉత్పత్తిదారు బాధ్యత అనే భావనను ప్రవేశపెట్టాయి. అయితే ఆ బాధ్యత 20,000 చదరపు మీటర్లు, ఆపైన విస్తీర్ణం గల ప్రాజెక్టులకు పరిమితం. మహానగరపు బహుళ అంతస్తుల భవనానికి సరిపోయే ఈ కొలబద్ద పల్లె రేకుల ఇంటికి అందదు.

7. కర్మాగారం, కుటుంబం

ఈ ప్రాంతంలో కూల్చివేతలు రెండు స్థాయిలలో జరుగుతున్నాయి. మొదటిది పారిశ్రామిక స్థాయి. రామగుండంలో 1980లో ఉత్పత్తి ప్రారంభించిన ఎఫ్‌సీఐ ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. 2021లో ఆ ప్రాంగణంలోనే ఆర్‌ఎఫ్‌సీఎల్ ఉత్పత్తి మొదలుపెట్టింది. 1971లో ప్రారంభమైన 62.5 మెగావాట్ల రామగుండం 'బి' విద్యుత్ కేంద్రం 2024లో మూతపడింది. ఆదిలాబాద్ సిమెంట్ కర్మాగారం 1990వ దశకం చివర నుంచి మూలనపడి ఉన్నది. దానిని తుక్కు కింద అమ్మే ప్రయత్నాలు వివాదాస్పదమయ్యాయి. ప్రపంచవ్యాప్తంగా ఆ తరం కర్మాగారాల పైపులకు, బాయిలర్లకు రాతినార చుట్టడం, కప్పులకు రాతినార రేకులు వాడడం సర్వసాధారణం. కనుక ఇటువంటి కట్టడాలను తొలగించే ముందు పదార్థాల పరిశీలన తప్పనిసరి. అయినా ఇక్కడ కనీసం ఒక యాజమాన్యం, ఒక టెండరు పత్రం, ఒక నియంత్రణ మండలి ఉంటాయి. ప్రశ్నించడానికి ఎదుట ఒక వ్యక్తి ఉంటాడు.

రెండో స్థాయి కుటుంబం. 2024లో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకం సొంత స్థలం ఉన్న పేదలకు కనీసం 400 చదరపు అడుగుల శ్లాబు ఇంటికి రూ.5 లక్షలు అందిస్తుంది. సొమ్ము పునాది, గోడలు, శ్లాబు, ముగింపు దశల వారీగా విడుదలవుతుంది. ఆ స్థలం చాలా సందర్భాలలో ఖాళీ స్థలం కాదు. పాత పెంకుటింటి లేదా రేకుల ఇంటి అడుగు. గల్ఫ్ సంపాదనతో జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలలో లేచిన శ్లాబు ఇళ్ల కింద కూడా ఇటువంటి పాత అడుగులు ఉన్నాయి. కొత్త ఇల్లు పేదవానికి న్యాయంగా దక్కవలసిన గౌరవం. అందులో వివాదం లేదు. అయితే చెల్లింపు దశలలో మొదటిది పునాది. దానికి ముందు జరిగే పని, అనగా పాత కప్పును దించడం, ఏ దశలోనూ లేదు.

ఆ పని చేసేది ఇంటివారు, ఇద్దరు ముగ్గురు కూలీలు. చెక్కుచెదరని రేకులో పోగు సిమెంటుతో బంధింపబడి ఉంటుంది. దానిని సుత్తితో పగలగొట్టినప్పుడు, యంత్రంతో కోసినప్పుడు, పైనుంచి కింద పడవేసినప్పుడు కంటికి కనిపించని పోగులు గాలిలోకి లేస్తాయి. దశాబ్దాల ఎండవానలకు పైపొర కొట్టుకుపోయిన పాత రేకులో ఈ ముప్పు ఎక్కువ. నివారణ కష్టమైనది కాదు. రేకును నీటితో తడపడం, కొక్కేలు విప్పి ముక్కలు కాకుండా చేతితో దించడం, మందపాటి ప్లాస్టిక్ పట్టాలో చుట్టడం, తగిన ముఖ కవచం ధరించడం, పొడిగా ఊడ్వకపోవడం చాలావరకు హానిని తగ్గిస్తాయి. ఈ జాగ్రత్తలు చెప్పవలసినవారెవరో నిర్ణయం కాలేదు. 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం సైతం రూ.10 లక్షలకు మించని సొంత ఇంటి పనిని తన పరిధి నుంచి మినహాయించింది. రూ.5 లక్షల ఇంటి కోసం పాత కప్పు దించిన కూలీకి నలభై ఏళ్ల తరువాత ఊపిరాడకపోతే, ఆమె వద్ద చూపడానికి హాజరు పట్టీ ఉండదు. భద్రపరచిన ఆరోగ్య పత్రం ఉండదు. 1995 తీర్పు కర్మాగార కార్మికునికి ఇచ్చిన రక్షణ ఆమెదాకా రాలేదు.

8. లెక్కకు రాని కప్పు

ఉత్తర తెలంగాణలో ఎన్ని ఇళ్లపై రాతినార రేకు ఉన్నది? ఈ ప్రశ్నకు జనగణన సమాధానం ఇవ్వదు. 2001, 2011 గణనలు ఇంటి కప్పు పదార్థాన్ని నమోదు చేశాయి. 2011 గణన చేతితో చేసిన పెంకును, యంత్రంతో చేసిన పెంకును కూడా వేరు చేసింది. కాని జీఐ రేకు, ఇతర లోహపు రేకు, రాతినార రేకు మూడింటినీ ఒకే గడిలో చేర్చాయి. ఇంటి పక్కాదనాన్ని కొలిచే దృష్టికి ఆ మూడూ ఒకటే కావచ్చు. ఆరోగ్య దృష్టికి, వ్యర్థాల దృష్టికి అవి ఒకటి కావు. లోహపు రేకును తుక్కు వ్యాపారి కొంటాడు. రాతినార రేకును ఎవరూ కొనరు. పాత ఇనుము కొనేవాడు ఊరి వీధిలో సహజంగా చేసే ఈ విభజన ప్రభుత్వ గణాంకంలో లేకపోవడం గమనార్హం.

పోలండ్ అనుభవం ఇక్కడ ఉపయోగపడుతుంది. అక్కడి గ్రామీణ ఇళ్ల మీద, పశువుల కొట్టాల మీద ఇటువంటి రేకులే విస్తారంగా ఉండేవి. 1997లో రాతినారను నిషేధించిన ఆ దేశం, 2032 నాటికి ఉన్న రేకులన్నింటినీ తొలగించాలనే లక్ష్యంతో జాతీయ కార్యక్రమం చేపట్టింది. అందులో స్థానిక సంస్థలవారీగా కప్పుల జాబితా తయారీ ముఖ్యమైన అంగం. నిషేధం కొత్త రేకును మాత్రమే ఆపుతుంది. పాత రేకుకు జాబితా కావాలి అన్నది ఆ అనుభవం నేర్పే పాఠం.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

ఒకటి: మట్టి ఇంటి కాలంలో నిర్మాణ జ్ఞానం, విసర్జన జ్ఞానం ఒకే వృత్తుల చేతులలో ఉండేవి. రేకుతో ఆ రెండూ విడిపోయాయి. రేకును తయారుచేసినవారు వేరు, బిగించినవారు వేరు. దించినదానిని స్వీకరించేవారు లేరు.

రెండు: కూల్చివేత వ్యర్థాల ప్రమాదం కూలీ అజ్ఞానం నుంచి పుట్టలేదు. అది వస్తువు తయారీలోనే ఉన్నది. గని ప్రమాదకరమని గుర్తించి, పోగు దిగుమతిని అనుమతించిన విధానంలో ఉన్నది.

మూడు: చట్టం ఈ పదార్థాన్ని గుర్తించింది కాని, కర్మాగారపు గోడల లోపలే గుర్తించింది. పరిమాణాల మీద ఆధారపడిన నిబంధనలు చిన్న ఇంటిని, చిన్న పంచాయతీని సహజంగానే విడిచిపెట్టాయి.

నాలుగు: పరిష్కారానికి మొదటి అడుగు లెక్కింపు. జనగణనలో రాతినార రేకుకు ప్రత్యేక గడి, గృహ పథకంలో పునాదికి ముందు పాత కప్పు దించే దశ, దానికి కొంత సొమ్ము, మండల స్థాయిలో రేకులను చుట్టి నిల్వచేసి దుండిగల్ వంటి కేంద్రానికి తరలించే ఏర్పాటు ఉంటే ఇప్పుడున్న వ్యవస్థతోనే చాలావరకు సాధ్యమవుతుంది.

పాత ఊరి దిబ్బ పాటి మన్నుగా పొలానికి చేరి పంటకు బలమిచ్చేది. రేకుల ఇంటి దిబ్బను ఏ రైతూ తన చేనికి తోలుకోలేడు. వంద సంవత్సరాల తరువాత ఆ నేలను తవ్వేవారికి కూడా రాతినార పోగు చెక్కుచెదరకుండా దొరుకుతుంది.